పంపినవారు

పళ్ల గది, మేడ మీద
ఫిబ్రవరి 6

ప్రియమైన బావకి,

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటున్నావు కదా. నా ఫోను ఆపేసి సొరుగులో పడేసి వారమైంది. ఆన్ చేస్తే చాలు, పొద్దున్న ఎనిమిదికి మొదలుపెట్టి వరసగా వాళ్లే. నీ ఫోను సంగతి తెలిసిందే, అక్క చేతిలో ఉంటుంది. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ల టైములన్నీ తనే రాసుకుంటుంది. అందుకే నీ డ్రైవింగ్ స్కూలు అడ్రసుకి రాస్తున్నాను. చదివి దాచెయ్యి.

వాళ్లంటే అప్పులవాళ్లు. ఇక దాచి లాభం లేదు. రెండేళ్ల కిందట కట్టుడు పళ్లు కాల్చే కొలిమి కొన్నానని చెప్పాను గుర్తుందా, అది బ్యాంకు అప్పు. డాక్టర్లు దవడ అచ్చు పంపితే మైనంతో పన్ను చెక్కి, పక్క పళ్ల రంగుకి సరిపోయేలా కలిపి, కాల్చి ఇవ్వడం ఇన్నేళ్లుగా నాకు తెలిసిన పని. కొలిమి సొంతమైతే ఒకరి కింద చెయ్యక్కర్లేదనుకున్నాను. ఆర్నెల్లు తిరక్కుండా ఊళ్లోకి పెద్ద కంపెనీ దిగింది. యంత్రం పన్ను చెక్కుతుంది, సాయంత్రానికి డాక్టరు బల్ల మీద ఉంటుంది. నా ఆరుగురు డాక్టర్లలో నలుగురు అటు వెళ్లిపోయారు. బ్యాంకు వాయిదా కోసం క్రెడిట్ కార్డు వాడాను. కార్డు కట్టడానికి ఫోనులో అప్పిచ్చేవాళ్ల దగ్గర తీసుకున్నాను. ఇప్పుడు ముగ్గురూ మీద పడ్డారు. మూడోవాళ్లయితే నా డాక్టర్లకే ఫోను చేసి "మీకు పళ్లు చేసేవాడు ఎగవేతదారు, తెలుసా?" అన్నారట. మిగిలిన ఇద్దరిలో ఒకాయన పిలిచి, "నీ పని బంగారం. కానీ నాకీ ఫోన్లు వద్దయ్యా" అన్నాడు.

అలమర నిండా ప్లాస్టరు దవడలు. అన్నీ నన్ను చూసి ఇకిలిస్తున్నట్టే ఉన్నాయి. ఇదివరకు ఎప్పుడూ అలా అనిపించలేదు.

పోయినసారి వచ్చినప్పుడు మెట్లు దిగుతూ, నీ కారు అప్పు సంగతి ఒకాయన చూసుకుంటున్నాడన్నావు. ఆయనెవరు? నాలాంటివాణ్ణి కూడా చూస్తాడా? నాన్న పోయిన ఏడు నా కోర్సు ఫీజు నువ్వే కట్టావు. ఈ రోజుకీ ఆ మాట ఎత్తలేదు. మళ్లీ నిన్నే అడగాల్సి రావడం సిగ్గుగానే ఉంది. కానీ ఇంకెవర్ని అడగను?

అక్కకి మాత్రం తెలియనివ్వకు. తెలిస్తే బడి ఆఫీసులో పాతికేళ్లు పనిచేసి కూడబెట్టుకున్నదంతా తెచ్చి నా ముందు పోస్తుంది.

నీ
బావమరిది


డ్రైవింగ్ స్కూలు, వెనక గది
ఫిబ్రవరి 11

ఒరేయ్ బావమరిదీ,

లోకానికంతా పళ్లు అమర్చేవాడివి, నిన్ను అప్పు కొరుకుతోందిరా? బెంబేలు పడకు. ఇంతకన్నా పెద్ద గోతుల్లో పడ్డ బండ్లని రివర్సు గేరులో బయటికి తెచ్చినవాణ్ణి నేను.

నా అప్పు సంగతి చూసే ఆఫీసు మీ ఊళ్లోనే ఉంది, మీ ఇంటికి రెండు వీధుల అవతల, మందుల కొట్టు పైన మూడో అంతస్తు. అప్పుల్లో ఉన్నవాళ్ల తరఫున బ్యాంకులతో మాట్లాడి సగానికి సగం కొట్టేయిస్తారు. అక్కడ ఒకాయన ఉంటాడు, పిల్లిలా మెత్తగా మాట్లాడతాడు. నేను మెత్తనాయన అంటాను. అక్టోబరులో చేరాను. ఇప్పుడు చూడు, హాయిగా నిద్రపోతున్నాను. వేరే సాక్ష్యం ఎందుకు, నేనే సాక్ష్యం.

ఈ వారంలోనే వెళ్లు. వచ్చే నెల నుంచి చేరే రుసుము పెంచుతారట. గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు నా పేరు చెప్పు, తర్వాతే నీ పేరు. మర్చిపోకు. నా మనిషివని తెలిస్తే బాగా చూస్తారు.

బ్యాంకువాళ్ల దగ్గరికి నువ్వు సొంతంగా వెళ్లి నోరు జారకు. అలా చేస్తే వీళ్ల పని చెడుతుంది.

మీ అక్కకి ఎందుకు చెప్తానురా? ఈ ఉత్తరాలు స్కూలు గుమ్మం దాటవు. కోర్సు ఫీజు మాట మళ్లీ ఎత్తావంటే వచ్చి తంతాను.

బావ


పళ్ల గది
ఫిబ్రవరి 19

ప్రియమైన బావా,

వెళ్లాను, చేరాను. ముందు నువ్వు చెప్పినట్టే నీ పేరు చెప్పాను. మెత్తనాయన మొహం వెలిగిపోయింది. ఒక రిజిస్టరు తీసి అందులో ఏదో గీత గీసి మళ్లీ సొరుగులో పెట్టాడు. ఎందుకో నేను అడగలేదు.

ఆఫీసంతా తివాచీ. చెప్పులతో నడవాలంటే మొహమాటం వేసింది. గోడల మీద అప్పు తీరిపోయిన కుటుంబాల ఫొటోలు. వృత్తి దోషం కదా, నేను పళ్లే చూశాను. అన్ని కుటుంబాలవీ ఒకటే రకం పళ్లు, ఒకటే తెలుపు! నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

ఆయన నా కాగితాలన్నీ చూసి, కళ్లజోడు తీసి, "ఇందులో మీ తప్పేం లేదండీ" అన్నాడు. ఏడాదిగా ఆ మాట నాతో ఎవరూ అనలేదు బావా. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత ఆయన ఏ కాగితం ముందు పెట్టినా సంతకం పెట్టేవాణ్ణే. పెట్టాను కూడా.

చేరే రుసుము ముందే కట్టాలట. చేతిలో లేదంటే రెండు రోజులు గడువిచ్చాడు. నా రెండో పాలిషు మోటారు అమ్మి కట్టాను. ఇక నుంచి నెల నెలా బ్యాంకుకి కట్టాల్సింది వీళ్లకే కడతాను. అది పోగయ్యాక దాంతో బ్యాంకుని దారికి తెస్తారట. ఈలోగా నేను బ్యాంకుకి పైసా కట్టకూడదు, ఫోను ఎత్తకూడదు, నోటీసులు వస్తే విప్పకుండా ఆయనకి ఇచ్చెయ్యాలి.

ఒక్క అనుమానం ఆయన దగ్గర బయటపెట్టాను. జనవరిలో బ్యాంకు కౌంటరులో ఒకావిడ, "ఒకసారి వచ్చి మేనేజరుతో మాట్లాడండి, వాయిదా తగ్గించుకోవచ్చు" అంది. అది చెప్తే ఆయన చిన్నగా నవ్వి, "బ్యాంకువాళ్లు మీ మేనమామలాండీ?" అన్నాడు. నిజమే కదా అనిపించింది.

మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలికైపోయింది. నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణో.

నీ
బావమరిది


డ్రైవింగ్ స్కూలు
మార్చి 5

ఒరేయ్,

మంచి పని చేశావు. ఇక ఓపిక పట్టడమే నీ వంతు. నోటీసులు వస్తాయి, రానీ. అవన్నీ ఉత్తుత్తి బెదిరింపులు.

అన్నట్టు, నీ దగ్గర పాలిషు చేసే పెద్దమ్మకి కూడా ఏదో అప్పుందని అప్పుడెప్పుడో అన్నావు. పాపం, ఆవిణ్ణి కూడా తీసుకెళ్లకూడదూ? నా పేరే చెప్పించు. ఇంకా అలా ఎవరైనా ఉన్నా సరే. పుణ్యం ఊరికే పోదు.

మీ అక్క నువ్వు ఫోను ఎందుకు ఎత్తడం లేదని రోజూ సతాయిస్తోంది. నీటిలో పడి పాడైందని చెప్పాను. నువ్వూ అదే చెప్పు.

బావ


పళ్ల గది
మే 14

బావా,

ఇప్పటికి మూడు నెలలు కట్టాను. మొన్న బ్యాంకు నుంచి వచ్చినది మామూలు నోటీసు కాదు, ఎర్ర ముద్ర ఉంది. విప్పకుండానే మెత్తనాయనకి ఇచ్చాను. ఆయన కూడా విప్పకుండానే దొంతర మీద పెట్టాడు. "మామూలేనండీ" అన్నాడు. ఆ దొంతరలో నా పాత కవర్లు కూడా అలాగే ఉన్నాయి బావా. అంటించినవి అంటించినట్టే ఉన్నాయి.

పెద్దమ్మతో చెప్పమన్నావు కదా, చెప్పాను. ఇంటి పైకప్పు వేయించుకున్న అప్పు ఆవిడది. పాలిషు చక్రం ఆపి మొత్తం విని, "బాబూ, నీ తరఫున మాట్లాడుతున్నాం అంటున్నారు కదా, బ్యాంకుకి వాళ్లు రాసిన ఉత్తరం ఒక్కటైనా నీకు చూపించారా?" అంది. చూపించలేదన్నాను. ఆవిడ మళ్లీ చక్రం తిప్పుకుంది.

మర్నాడు వెళ్లి మెత్తనాయన్ని అదే అడిగాను. ఒక్క ఉత్తరం, నకలైనా సరే. ఆయన గొంతు మొదటిసారి మెత్తగా లేదు. "మా పని మమ్మల్ని చెయ్యనిస్తారా, లేక మీరే చేసుకుంటారా? ఇప్పుడు మానుకుంటే కట్టింది తిరిగి రాదు" అన్నాడు. ఫైలు పెద్దాఫీసులో ఉందట. ఆ పెద్దాఫీసు ఎక్కడుందని అడిగితే ఫోను మోగిందని లేచి వెళ్లిపోయాడు. నాకైతే మోగినట్టు వినపడలేదు.

నీ విషయంలో వాళ్లు బ్యాంకుకి రాసింది నువ్వు చూశావా? ఆ ఒక్కటి చెప్పు, నా మనసు కుదుట పడుతుంది. ఎనిమిది నెలలైంది కదా నువ్వు చేరి. నీ అప్పు ఎంత తగ్గింది?

బావమరిది


డ్రైవింగ్ స్కూలు
మే 27

ఒరేయ్,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. లైసెన్సు పరీక్షల రోజులు, ఊపిరాడడం లేదు.

ఇలా ప్రతి దానికీ అనుమానపడితే ఏ పనీ అవదురా. నాది వేరే రకం అప్పు, నీది వేరే రకం. పోల్చుకోకూడదు. పెద్దమ్మ మాటలు పట్టుకుని మంచి మనిషిని నిలదీస్తావా? ఆవిడకి పళ్లు రుద్దడం తెలుసు, బ్యాంకుల సంగతి తెలుసా?

దీంతో పాటు కొంచెం డబ్బు పెట్టాను. ఉంచుకో. తిరిగి ఇవ్వక్కర్లేదు. ఎందుకని అడగకు.

మీ అక్కతో మాత్రం ఏమీ అనకు. మళ్లీ చెప్తున్నాను.

బావ


పళ్ల గది
జూన్ 20

బావగారికి,

మీరు పంపిన డబ్బు ఈ కవరులోనే తిరిగి పంపిస్తున్నాను.

ఈ నెల మూడో తారీఖున ఆఫీసుకి వెళ్తే తాళం. బోర్డు ఊడబీకి ఉంది. మెట్ల మీద ముప్ఫై నలభై మంది కూర్చున్నారు. కింద మందుల కొట్టతను మంచినీళ్లు ఇస్తున్నాడు. ఒక ముసలాయన, రిటైరైన కండక్టరు, "నన్నిక్కడికి మా చెల్లెలి మొగుడు పంపాడండీ. బంగారంలాంటి మనిషి" అని వచ్చిన వాళ్లందరికీ చెప్తున్నాడు. నేను కూడా ఆయన పక్కనే కూర్చుని, "నన్ను మా బావ పంపాడు" అన్నాను. గర్వంగానే అన్నాను.

అక్కణ్ణుంచి తిన్నగా బ్యాంకుకి వెళ్లాను. జనవరిలో నాతో మాట్లాడిన ఆవిడే ఉంది. కంప్యూటరులో వెతికి, "మీ తరఫున ఎవరూ ఒక్క ఉత్తరం కూడా రాయలేదండీ, ఒక్క ఫోను కూడా లేదు" అంది. నాలుగు నెలలు నేను కట్టకపోవడం ఒక్కటే వాళ్లకి తెలుసు. వడ్డీ మీద వడ్డీ పడింది, కేసు వేశారు. విప్పకుండా ఇచ్చేసిన కవర్లలో అవే ఉన్నాయి. "ఫిబ్రవరిలో వచ్చి ఉంటే ఒక్క ఫారంతో అయిపోయేది" అంది. కసిరినట్టు చెప్పలేదు. బాధపడుతూ చెప్పింది.

నిన్న పోలీసులు ఆఫీసు తాళం పగలగొట్టారు. ఆఫీసువాళ్లు తివాచీ కూడా ఎత్తుకుపోయారు. రిజిస్టరు మాత్రం సొరుగులో మిగిలిపోయింది. ఒక్కొక్కరినీ పిలిచి ఎవరి వరస వాళ్ల చేత గుర్తు పట్టించారు. నా వరసలో నా పేరు, చేరిన తేదీ, కట్టిన మొత్తం ఉన్నాయి. ఆ తర్వాతి గడి పేరు "పంపినవారు". అందులో మీ పేరు. దాని పక్కన ఒక అంకె, మార్చి 2 తేదీ, "ముట్టింది" అని రాసి ఒక సంతకం.

ఆ సంతకం నాకు తెలుసు. నా కోర్సు ఫీజు రసీదు మీద అదే ఉంది.

మార్చి 2న మీరు మా ఇంటికి రెండు వీధుల అవతలి దాకా వచ్చారు. మేడ ఎక్కలేదు. పోనీ, అది పక్కన పెడదాం. నేను అడిగేది ఒక్కటే. ఆ ఆఫీసు సంగతి ఫిబ్రవరి 11న, నాకు ఉత్తరం రాసేనాటికి, మీకు తెలుసా, తెలియదా?


డ్రైవింగ్ స్కూలు, వెనక గది
జూన్ 28

బావమరిదీ,

నన్ను "మీరు" అన్నావు. దానికన్నా బూతులు తిట్టినా బాగుండేది.

తెలుసు.

నాలుగుసార్లు ఈ ఉత్తరం మొదలుపెట్టి చించాను. ప్రతిసారీ "తెలుసు కానీ" అని రాస్తున్నాను. ఈసారి ఆ "కానీ" లేకుండా రాస్తాను.

అక్టోబరులో చేరాను. నీలాగే నమ్మాను. జనవరిలో కోర్టు కాగితం నేరుగా స్కూలుకి వచ్చింది. రెండు కార్లలో ఒకటి పట్టుకుపోయారు. మీ అక్కకి రిపేరులో ఉందని చెప్పాను. వెళ్లి మెత్తనాయన కాలరు పట్టుకున్నాను. ఆయన విడిపించుకుని, అదే గొంతుతో, "మీకు పోయింది తిరిగి రావాలంటే ఒక మార్గం ఉందండీ. మీకు పరిచయస్తులు చాలామంది కదా" అన్నాడు. మనిషికింత. మొదట నా దగ్గర కారు నేర్చుకున్న సైకిల్ షాపాయన. తర్వాత మా వీధి చివరి నర్సు. నువ్వు మూడోవాడివి.

నీ ఉత్తరం వచ్చిన రోజు రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ కోసం చదివాను. రెండోసారి నా కోసం చదివాను. నువ్వు నీ అంతట నువ్వే అడిగావు కదా, నేను వలేసి పట్టలేదు కదా అని సర్ది చెప్పుకున్నాను. కోర్సు ఫీజు మాట నువ్వు ఎత్తినప్పుడు, ఇలాగైనా ఆ బాకీ తీరుతుందిలే అనుకున్నాను. నా మొహం మీద ఉమ్మేసినా తప్పులేదు.

మార్చి 2న మీ వీధి మలుపు దాకా వచ్చాను. కిటికీలో నీ దీపం కనపడింది. వెనక్కి తిరిగి బస్సెక్కాను.

ఒక్క భిక్ష పెట్టరా. మీ అక్కకి చెప్పకు. కారు అప్పు కాగితాల మీద తన సంతకం కూడా ఉంది, స్కూలు లైసెన్సు కాగితమని చెప్పి పెట్టించాను. తెలిస్తే ఈ ఇంట్లో నాకు చోటుండదు.

బావ


పళ్ల గది
జూలై 2

బావగారికి,

లైబ్రరీలో అప్పుల్లో ఉన్నవాళ్లకి ఊరికే సలహా చెప్పే బల్ల ఒకటి ఉందని పెద్దమ్మే చెప్పింది. ఇన్నేళ్లు ఆ లైబ్రరీ ముందు నుంచే నడిచాను. అక్కడి ఆవిడ ఏదీ కొట్టేయిస్తానని అనలేదు, నా తప్పు లేదనీ అనలేదు. ఖర్చులన్నీ రాయించింది. ఎవరెవరికి ఏ ఉత్తరం రాయాలో నా చేతే రాయించింది. నాతో పాటు బ్యాంకుకి వచ్చి కూర్చుంది. కొలిమి అమ్మేస్తున్నాను. మిగిలినదానికి చిన్న వాయిదాలు ఒప్పుకున్నారు. ఆరేళ్లు పడుతుంది. ఈ పనంతటికీ ఆవిడ పుచ్చుకున్నది ఏమీ లేదు. టీ ఇప్పిస్తానంటే కూడా వద్దంది.

పోలీసు ఫిర్యాదు ఫారం నింపాను. దాంట్లో కూడా "మిమ్మల్ని అక్కడికి పంపినవారు" అని ఒక గడి ఉంది. ఖాళీ వదిలి ఇచ్చాను. గడి ఖాళీగా ఉంటే ఫారం తీసుకోం అన్నారు. మీ పేరు రాశాను.

అక్క సంతకం మీద అప్పుంటే అది అక్క అప్పు. తనకి తెలియకపోతే ఎలా? నేను చెప్పను, మీరే చెప్పాలి. పదిహేనో తారీఖు దాకా ఆగుతాను.


ఇంట్లో, వంటగది బల్ల దగ్గర
జూలై 17

తమ్ముడూ,

ఎలా ఉన్నావని అడగాలనిపించడం లేదు.

మీ బావ మొన్న కూర్చోబెట్టి అంతా చెప్పారు. రెండో కారు రిపేరులో లేదట. నా సంతకం ఎక్కడెక్కడ ఉందో ఇప్పుడు తెలిసింది. ఏడ్చేశారు. పెళ్లయ్యాక ఆ మనిషి ఏడవడం నేను చూడలేదు. ఆ ఆఫీసు గురించి ఆయనకి చెప్పింది నువ్వట. నువ్వు మీ ఊళ్లో ముందే చేరి, ఈయన్ని లాగావట. మనిషికింత ఇస్తారట కదా? తమ్ముడి పరువు పోతుందని ఇన్నాళ్లూ నోరు విప్పలేదన్నారు.

నీకు ఫీజు కట్టిన మనిషిరా. ఆయన చెమటతో నేర్చుకున్న పని చేతిలో పెట్టుకుని, ఆయన్నే అమ్ముకున్నావా? ఫోను నీళ్లలో పడిందన్నావు. నాతో మాట్లాడ్డానికి మొహం చెల్లలేదని ఇప్పుడు అర్థమైంది.

సరే, దేవుడు ఒక దారి చూపించాడు. మోసపోయినవాళ్ల సంఘం నుంచి ఒక పెద్దమనిషి ఇంటికి వచ్చాడు. మాకెంత పోయిందో చిల్లరతో సహా ఆయనే చెప్పాడు. అదంతా తిరిగి ఇప్పిస్తారట. ఖర్చుల కింద ముందు కొంత కట్టాలి. నేను దాచుకున్న డబ్బు తీసుకోవడానికి అర్జీ పెట్టాను, శుక్రవారం చేతికొస్తుంది. నీ బాకీ కూడా నేనే తీర్చుకుంటున్నాననుకో.

జవాబు రాయక్కర్లేదు.

అక్క


పళ్ల గది
జూలై 19

అక్కా,

ఈ కవరు పెద్దమ్మ చేత పంపిస్తున్నాను. పోస్టులో వేస్తే శుక్రవారం లోపల అందదు. ఆవిడకి భోజనం పెట్టు, పొద్దున్న బస్సెక్కింది.

ముందు ఒక్క విషయం. నన్ను నమ్మకపోయినా ఇది నమ్ము. ఆ పెద్దమనిషికి ఏమీ ఇవ్వకు. మీకెంత పోయిందో చిల్లరతో సహా ఆయనకెలా తెలుసు? మీకు తెలుసు, తీసుకున్నవాళ్లకి తెలుసు. మూడోవాడికి ఎవరు చెప్తారు? మా మెట్ల మీద కూర్చున్నవాళ్లలో పదకొండు మంది ఇళ్లకి ఇలాంటివాళ్లే వచ్చారు. ఇద్దరు కట్టేశారు. మళ్లీ వస్తే ఆయన సంఘం పేరు, అడ్రసు కాగితం మీద రాసి సంతకం పెట్టమను. పోలీసు స్టేషనులో మా కేసు నంబరు వేరే చీటీ మీద రాసి పెట్టాను, నువ్వే ఫోను చేసి కనుక్కో. మీ ఊరి లైబ్రరీలో కూడా సలహా బల్ల ఉందట. బుధవారం, శనివారం ఉంటారు. డబ్బు అడగరు. కారు అప్పు కాగితాలన్నీ పట్టుకుని నువ్వే వెళ్లు, ఎవర్నీ పంపకు.

ఇక నా సంగతి. నీ ఉత్తరం చదివాక రాత్రంతా అలమర ముందు ఊరికే కూర్చున్నాను. నేను చెప్పేది నీకు సాకులా వినపడుతుంది. అందుకే ఏమీ చెప్పను. బావగారి ఉత్తరాలు నాలుగూ ఇందులో పెట్టాను. ఆయన రాతే, ఆయన వేసిన తేదీలే. నేను ఆయనకి రాసినవి స్కూలు వెనక గదిలో ఎక్కడో ఉంటాయి.

ఇవి నీకు పంపకూడదనే అనుకున్నాను. పదిహేను దాకా కూడా ఆయన నిజం చెప్తారనే ఎదురుచూశాను. ఇంత జరిగాక కూడా ఎదురుచూశాను చూడు, అదీ నా తెలివి.

తమ్ముడు


ఇంట్లో, వంటగది బల్ల దగ్గర
జూలై 25

ఒరే చిన్నోడా,

పెద్దమ్మ వచ్చేసరికి నేను డబ్బు కవరులో పెట్టి గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆవిడ నీ ఉత్తరం ఇచ్చి, "ముందు ఇది చదవమ్మా, తర్వాత నీ ఇష్టం" అంది. చదవడం పూర్తయ్యేలోపే ఆ పెద్దమనిషి వచ్చేశాడు. కూర్చోబెట్టాను. టీ ఇచ్చాను. "మీ సంఘం అడ్రసు రాసి సంతకం పెట్టండి, డబ్బు సిద్ధంగా ఉంది" అన్నాను. కవరు కూడా చూపించాను. ఆ కవరు వంక చూశాడు, పెన్ను వంక చూశాడు. బండి తాళం మర్చిపోయానని లేచి వెళ్లాడు. గంట చూశాం. టీ మీద మీగడ కట్టింది.

డబ్బు తిరిగి నా ఖాతాలో వేసేశాను. శనివారం లైబ్రరీకి వెళ్లాను. నా సంతకం మోసం చేసి పెట్టించుకున్నదని రాసివ్వొచ్చట. రాసిస్తే కేసు మీ బావ మీదికి వెళ్తుంది. ఇంకా ఇవ్వలేదు. ఫారం నింపి, సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను.

ఉత్తరాల సంగతి చెప్తాను. ఆ సాయంత్రం ఆయన్ని ఈ బల్ల దగ్గరే కూర్చోబెట్టాను. నాలుగూ పైకి చదివాను. "ఒరేయ్ బావమరిదీ" అన్న దగ్గర మొదలుపెట్టాను. మొదటిదానికి తల దించుకున్నారు. పెద్దమ్మని కూడా తీసుకెళ్లమని నీకు రాసినచోట, "చాలు, ఆపు" అన్నారు. నేను ఆపలేదు. పెద్దమ్మ అక్కడే పొయ్యి దగ్గర నిలబడి వింటోంది, తన మీద కూడా డబ్బు రాబట్టబోయారని ఆవిడకీ అప్పుడే తెలిసింది. నేను చదువుతూనే ఉన్నాను. "తెలుసు" అన్న ముక్క వచ్చినప్పుడు మాత్రం కాగితం ఆయన వైపు తిప్పాను. దాన్ని ఆయన్నే చదవమన్నాను. చదివారు.

నీకు చేసింది ఒక ఎత్తు. భయంలో చేశారనుకుంటాను. నేను కూర్చుని వింటుంటే, కళ్లనీళ్లు పెట్టుకుని, నిన్ను దొంగని చేసి చెప్పింది ఇంకో ఎత్తు. అప్పుడు ఆయన్ని ఎవరూ బెదిరించలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. నా చెయ్యి పట్టుకుని చెప్పారు. ఆ చెయ్యి నేను నిమిరాను కూడా.

ఇప్పుడు స్కూలు వెనక గదిలో పడుకుంటున్నారు. రోజూ పొద్దున్న వచ్చి గుమ్మం బయట నిలబడతారు. ఏం చెయ్యాలో నాకింకా తెలియదు. నువ్వు కూడా చెప్పకు.

బుధవారం సెలవు పెట్టాను. మొదటి బస్సుకి వస్తున్నాను. స్టాండుకి రా, మేడ మెట్లు నాకు కొత్త.

నిన్ను తిట్టి రాసిన ఆ ఉత్తరం నీ దగ్గర ఉంటే చించెయ్యి. లేదు, చించకు, ఉంచు. పాతికేళ్లు కాపురం చేసిన మొగుడు ఒక్క సాయంత్రం ఏడిస్తే, నేను పెంచిన తమ్ముణ్ణి నాలుగు వాక్యాల్లో దొంగని చేశాను. ఒక్క ప్రశ్న అడగలేదు. అది నేను వచ్చాక నా చేతికివ్వు.

అక్క